కదలని ట్రే

పోయినవారం మీరు నన్ను మైక్రోస్కోపు ముందు, చెమటలు పట్టిన అరచేతులతో వదిలేసి వెళ్ళారు. మూడు రోజులు గడిచినా నా పరిస్థితిలో పెద్ద మార్పేమీ లేదు. కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. చెప్పడానికి ముఖం చెల్లని సంగతి ఎంత తొందరగా చెప్పేస్తే అంత మంచిది.

మా ల్యాబులో ఈగ పురుగుల్ని పెంచుతాం. బాక్టీరియాలో ముంచిన సూదితో గుచ్చితే ఆ పురుగు చావదు, తన రక్తంలో ఒక ఆయుధం తయారు చేసుకుంటుంది. చిన్న ప్రొటీన్ ముక్క, దాన్నే పెప్టైడ్ అంటాం. అది బాక్టీరియాను చంపుతుంది. అంతవరకూ నిజమే, అందులో నా పాపం ఏమీ లేదు. అదే పెప్టైడు మన ఒంట్లో కాపలా కాసే కణాల కోపాన్ని కూడా తగ్గిస్తుందనీ, మానని పుండు చుట్టూ ఉండే వాపు, ఎరుపు, మంట దానితో దిగిపోతాయనీ చూపించినదాన్ని నేను. గాజు ప్లేటులో కాపలా కణాలకు చచ్చిన క్రిముల పొడి చూపిస్తే అవి గగ్గోలు పెడతాయి. మందు వేశాక ఆ గగ్గోలు ఎంత తగ్గిందో మర్నాడు ఉదయం కొలుస్తాం. దాని పక్కనే ఇంకో ప్లేటు పెడతాం. అరిచేవాళ్ళు అసలు బతికున్నారో లేదో చూడటానికి అది. నీలం రంగు చుక్క వేస్తే బతికున్న కణం దాన్ని గడప దాటనివ్వదు. చచ్చిన కణం నీలంగా మారిపోతుంది.

రెండు ప్లేట్లనూ ఒకే గంటకి చూడాలి. అది పద్ధతి. నేను గగ్గోలు ప్లేటును మర్నాడు చూశాను, బతుకు ప్లేటును మాత్రం అదే రోజు నాలుగు గంటలు గడవగానే లెక్కపెట్టేశాను. మర్నాడు రెండూ ఒకేసారి మీద పడితే మధ్యాహ్నం దాకా కుర్చీలోంచి లేవడానికి వీలుండదు, అదీ కారణం. ఒకసారి కాదు, ప్రతిసారీ అంతే. అప్పుడది మోసమని అనుకోలేదు. పచ్చిగా చెప్పాలంటే బద్ధకం. నోటుబుక్కులో ఎన్ని గంటలకు లెక్కపెట్టానో రాయలేదు.

ఆరు నెలల కిందట పుండ్ల డాక్టరుగారు మీటింగులో టీ కప్పు కింద పెట్టి ఒక మాట అడిగారు. "మీ కాపలా కణాలు మర్నాటికి కూడా బతికే ఉన్నాయా అమ్మా?"

"ఆ, ఉన్నాయండి" అన్నాను.

పదహారుమంది విన్నారు. మా పెద్దసారు నావైపు చూసి గర్వంగా తలూపారు. బద్ధకం అబద్ధంగా మారడానికి అంతకంటే ఎక్కువ సమయం పట్టలేదు.

మొన్న సోమవారం జ్వరం వచ్చి, ఆ పెప్టైడుతో చేసి ఆస్పత్రికి పంపాల్సిన ఆయింట్‌మెంట్ ఆఖరి పరీక్షలో బతుకు ప్లేటును లెక్కపెట్టకుండానే ఇంటికి వెళ్ళిపోయాను. మంగళవారం పొద్దున్న వచ్చి చూస్తే, మేం ఎంచుకున్న మోతాదు దగ్గర గళ్ళన్నీ నీలం. కణాలు శాంతించలేదు, చచ్చిపోయాయి. చచ్చినవాళ్ళు అరవరు కదా. వచ్చే సోమవారం నుంచి ఆస్పత్రిలో ఆరుగురి కాళ్ళకి ఆ మందు రాస్తారు. ఆ ఆరుగురిలో మొదటివాడు మా పిన్ని భర్త. ఇవాళ శుక్రవారం. మంగళ, బుధ, గురువారాలు నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని తిరిగాను.

పిన్ని నాకు చుట్టం కాదు. పురుగుల గది చూసుకునే మనిషి. ల్యాబులో అందరికీ పిన్నే. ఆవిడకంటే పదేళ్ళు పెద్దయిన మా పెద్దసారు కూడా పిన్నిగారూ అనే పిలుస్తారు. వద్దనడానికి ఆవిడకి మొహమాటం, మానుకోవడానికి ఆయనకి అలవాటు అడ్డం. ఆరేళ్ళుగా మధ్యాహ్నం మేమిద్దరం ఒకే బల్ల దగ్గర తింటున్నాం. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు చూడండి, మా దగ్గర ఈగల మోత నిజంగానే ఉంది, దాన్ని భరించేది ఆవిడ. పల్లకీ ఎక్కి ఊరేగింది మాత్రం నేను.

ముందు పెద్దసారుకి చెప్పాలి. తెలుసు. మెట్లెక్కి ఆయన గది దాకా వెళ్ళాను కూడా. తలుపు సందులోంచి ఆయన ఎవరితోనో ఫోనులో "మా అమ్మాయి పని మీద నాకు అనుమానమే లేదు" అనడం వినిపించింది. వెనక్కి తిరిగి మెట్లు దిగి, పురుగుల గదిలోకి వెళ్ళాను. ఎవరికి చెబితే తక్కువ సిగ్గుగా ఉంటుందని వెతుక్కున్నానేమో, ఇప్పుడు ఆలోచిస్తే అలాగే అనిపిస్తుంది.

గది ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. ఇనప అరల మీద ముప్ఫై ట్రేలు, వాటిలో తడిపిన తవుడు, ప్రతి ట్రే మీదా అంచుకి ఎలాస్టిక్ కుట్టిన పల్చటి గుడ్డ. ఆ గుడ్డలన్నీ పిన్ని భర్త కుట్టినవే. ఆయన టైలరు. మేమందరం వేసుకునే తెల్లకోట్లు కూడా ఆయన చేతివే. మూడు నెలలుగా కుడి పాదం అడుగున పుండు, షుగర్ మనిషి కాబట్టి మానడం లేదు. తొక్కే మిషను మీద బతికినవాడికి పాదం పోతే ఏమవుతుందో నేను వివరించనక్కర్లేదు.

"వచ్చావా. చేతులు కడుక్కున్నావా?" అంది పిన్ని తలెత్తకుండా.

"కడుక్కున్నాను పిన్నీ."

తలెత్తి చూసింది. "మొహం కూడా కడుక్కోవాల్సింది. నిద్రపోయి ఎన్నాళ్ళయింది? మీ ఆయనతో గొడవా?"

"లేదు."

"అత్తగారితోనా?"

"ఎవరితోనూ కాదు."

"ఎవరితోనూ గొడవ లేకుండా ఇంత మొహం ఎందుకు పెట్టుకున్నావే" అని నవ్వి, తన పనిలో పడింది.

ఆవిడ పని చేసే తీరు చెప్పాలి. ప్రతి ట్రేకీ ఒక చీటీ వేలాడుతుంటుంది. పొద్దున్నే ఆ చీటీ మీద ట్రే సంగతి రాయాలి. చూసి రాసేయొచ్చు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆవిడ అలా రాయదు. గుడ్డ తీసి, అరచేయి తవుడు మీద ఆనించి, కాసేపు ఆగుతుంది. మేస్తున్న పురుగులు వేడి పుట్టిస్తాయి. చాటలో గింజలు జరిగినట్టు చిన్న చప్పుడు కూడా ఉంటుంది. అది చేతికి తగిలాకే పెన్సిలు తీస్తుంది. ముప్ఫై ట్రేలు, ముప్ఫైసార్లు.

"పదిహేడో ట్రే చూడు. పొద్దుట్నించీ చప్పుడు లేదు" అంది.

వంగి చూశాను. పురుగులు ముదురు రంగుకి తిరిగి, వరసగా, కదలకుండా ఉన్నాయి. ఈగలుగా మారడానికి గూటిదశకి వచ్చేముందు అలాగే ఉంటాయి. "పడుకున్నాయి పిన్నీ" అన్నాను.

"కళ్ళతోనే చెప్పేస్తావేంటమ్మా. చెయ్యి పెట్టు."

పెట్టాను. తవుడు చల్లగా ఉంది.

ఆవిడ జేబుకి గుచ్చుకున్న సూది తీసి ఒక పురుగును మెల్లగా తాకింది. మళ్ళీ తాకింది. "బతికున్నది ఎంత నిద్రలో ఉన్నా సరే, సూది తగిలితే ముడుచుకుంటుంది. కదలనంత మాత్రాన పడుకున్నట్టు కాదు." చెంచాతో ఒకదాన్ని తిరగేసింది. అడుగున మెత్తబడి ఉంది, వాసన వచ్చింది. "నిన్న నీళ్ళు ఎక్కువ పోశాను. ధ్యాస ఎక్కడో ఉంది."

పెన్సిలు తీసుకుని చీటీ మీద రాసింది. నాకు కనబడేలాగే రాసింది. 'పదిహేడు. అన్నీ పోయాయి. నీళ్ళు ఎక్కువ పోశాను, నాదే తప్పు.' తేదీ వేసి, కింద పొడి అక్షరాల్లో సంతకం పెట్టి, చీటీని మళ్ళీ దాని మేకుకే తగిలించింది. వచ్చేపోయేవాళ్ళందరూ చూసే మేకు అది.

నాకు తల తీసేసినట్టయింది. ఆవిడ చదివింది ఎనిమిదో తరగతి. నా పేరు వెనకాల తోకలా ఉన్న డిగ్రీలు మీకు ఇదివరకే చెప్పాను.

"పిన్నీ" అన్నాను. "నేను కూడా ఒక ట్రే సంగతి చెయ్యి పెట్టకుండానే రాసేశాను."

"ఏ ట్రే? చెప్పు, ఇప్పుడు చూద్దాం."

"ఇక్కడిది కాదు. పైన నా ప్లేటు. మన మందు వేసిన కణాలు."

ఆవిడ చేతిలో చెంచా పక్కన పెట్టింది. చెప్పాను. నాలుగు గంటల సంగతి, నోటుబుక్కులో రాయని సంగతి, నీలం సంగతి. చెబుతున్నంతసేపూ ఆవిడ మొహం చూడలేక, పదిహేడో చీటీనే చూస్తూ చెప్పాను.

"నువ్వు పెంచేవి కంటికి కనబడవు కదమ్మా. పొరపాటు జరుగుతుంది" అంది.

ఆవిడ అలా అనకుండా ఉండాల్సింది. "పొరపాటు కాదు పిన్నీ. బతికున్నాయా అని అడిగితే, ఉన్నాయని చెప్పాను. నేను చూడలేదని నాకు తెలుసు. తెలిసే చెప్పాను."

"ఎవరికి చెప్పావ్?"

"డాక్టరుగారికి. పెద్దసారుకి. నీకు కూడా."

గుర్తు తెచ్చుకున్నట్టు కళ్ళు చిన్నవి చేసింది. రెండు నెలల కిందట భోజనం బల్ల దగ్గర, ఆ మందు ఏం చేస్తుందో చెప్పమని అడిగితే, ఏడ్చే పిల్లల్ని జోకొట్టినట్టు కాపలా కణాల్ని జోకొడుతుందని చెప్పాను. ఆవిడ ఆ మాట ఇంటికి పట్టుకెళ్ళి ఆయనకి చెప్పిందట. 'అయితే నా కాలికి జోలపాట పాడతారన్నమాట' అని ఆయన నవ్వారట. మర్నాడు ఆవిడ ఆ సంగతి చెబితే మేమిద్దరం కూడా నవ్వుకున్నాం.

"మందు రాస్తే ఏమవుతుంది?" అంది.

"పుండు దగ్గర కాపలా కాసే కణాలు చచ్చిపోవచ్చు. అవి పోతే వాపు దిగుతుంది. ఎరుపు పోతుంది. చూడ్డానికి నయమైనట్టే ఉంటుంది."

"క్రిముల్ని చంపుతుందన్నావుగా?"

"మందు తగిలినంత మేర చంపుతుంది. లోతుకి వెళ్ళినవాటిని పట్టుకోవాల్సింది ఆ కణాలే. అవి లేకపోతే లోపల క్రిములు ఏం చేసినా పైకి తెలీదు."

ఆవిడ బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. ఏప్రను అంచు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"ఎరుపు పోతుందా?"

"పోతుంది."

"నొప్పి?"

"అది కూడా తగ్గొచ్చు." ఆవిడ భయం సోమవారం గురించేననుకుని గబగబా చెప్పాను. "బాబాయ్‌కి ఏమీ కాదు పిన్నీ. సోమవారం రాయనివ్వను. ఇప్పుడే పైకి వెళ్ళి పెద్దసారుకి చెప్తాను. నా ఉద్యోగం పోతే పోనీ."

"సోమవారం దాకా ఎక్కడమ్మా" అంది.

ఆ మాట అర్థం కావడానికి నాకు కొంచెంసేపు పట్టింది. ఈలోగా ఆవిడ లేచి నా దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "నేను దొంగతనం చేశాను తల్లీ. మంగళవారం సాయంత్రం ఫ్రిజ్ తుడుస్తుంటే అడుగు అరలో చిన్న డబ్బా ఉంది, సగం ఖాళీ. మీ పరీక్షలు అయిపోయాక మిగిలిందే కదా, పారేస్తారు కదా అనుకున్నాను. సోమవారం దాకా ఆగమంటే ఆయన రాత్రంతా మూలుగుతున్నారు, వినలేకపోయాను. మూడు రోజుల్నించీ రాస్తున్నాను. నన్ను క్షమించు. పెద్దసారుకి మాత్రం చెప్పకు, ఆరేళ్ళలో ఈ గదిలోంచి గుండుసూది కూడా పట్టుకెళ్ళలేదు."

ఆ డబ్బా అక్కడ పెట్టింది నేను. మంగళవారం పొద్దున్న నీలం చూశాక దాన్ని పారేస్తే ఎవరైనా ఎందుకని అడుగుతారని భయపడి, అడుగు అరలో వెనక్కి తోశాను. మంగళవారం పొద్దున్నే నోరు తెరిచి ఉంటే ఆ సాయంత్రం ఆవిడ దాన్ని ముట్టుకునేది కాదు. అలాంటి మనిషి నా చేతులు పట్టుకుని నన్ను క్షమించమంటోంది. అంతకుముందు నాకు కలిగినది సిగ్గనుకున్నాను కానీ, సిగ్గంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

"పద పిన్నీ" అన్నాను. "ఇంటికి పోదాం."

వాళ్ళ ఇల్లు ల్యాబుకి రెండు సందుల వెనక. పిన్ని ఏప్రను విప్పడం మర్చిపోయింది, నేను కోటు విప్పడం మర్చిపోయాను. నడుస్తూనే ఆస్పత్రికి ఫోన్ చేశాను. డాక్టరుగారు ఆపరేషన్‌లో ఉన్నారట. నర్సు తీసింది.

"ఏం చెప్పమంటారు?"

"ఒకాయన్ని తీసుకొస్తున్నాం. కాలికి పుండు. ఇంకా పరీక్షలో ఉన్న మందు రాశారు."

"రాస్తే ఏమైంది? రియాక్షనా?"

"వచ్చాక చెప్తాను" అన్నాను. రోడ్డు మీద, ఎండలో, ముక్కూ మొహం తెలియని నర్సుకి కూడా అసలు మాట చెప్పలేకపోయాను.

మొదటి సందు మలుపులో ఇస్త్రీ బండి మనిషి పిన్నిని చూసి పెట్టె పక్కన పెట్టాడు. "ఏం పిన్నిగారూ, మీ ఆయన మళ్ళీ మొదలెట్టాడే. నిన్నట్నించీ ఆగితే ఒట్టు" అన్నాడు సంతోషంగా.

పిన్ని నడక వేగం పెంచింది. నాకు అప్పుడు వినిపించింది. రెండో సందులోంచి కుట్టు మిషను చప్పుడు, మధ్యలో ఆగకుండా, హుషారుగా.

"మూడు నెలలైంది ఆ చప్పుడు విని" అంది పిన్ని నడుస్తూనే. "నిన్న పొద్దున్న మిషనెక్కారు. వద్దన్నాను. నొప్పి లేదుగా, ఇంకేంటి అన్నారు. వంటింట్లో నిలబడి ఏడ్చానమ్మా, సంతోషంతో. దొంగతనమైనా మంచిపనే చేశాననుకున్నాను."

గుమ్మం పక్కన కిటికీ, కిటికీ కింద మిషను, మిషను ముందు బాబాయ్. కాలర్ అంచున వరసగా గుండుసూదులు. కుడి పాదానికి కట్టు ఉంది. ఆ పాదంతోనే తొక్కుతున్నారు. సూది కింద పల్చటి గుడ్డ, ఎలాస్టిక్ అంచు. మా ట్రేకి కొత్త మూత.

"రా డాక్టరమ్మా" అన్నారు తొక్కడం ఆపకుండా. మా ఇద్దరి మొహాలూ చూసి నవ్వారు. "ఓహో. దొంగ దొరికిపోయిందన్నమాట. దానికి తిట్లు ఎన్ని పడ్డాయో నాకు చెప్పు, సగం నేను పంచుకుంటాను. రాసుకుంది నేనే కదా."

"కాలు చూడాలి బాబాయ్."

"చూడు, చూడు. నువ్వు చూడాల్సిందే. నీ చేతి చలవే కదా."

ఆయన పాదాన్ని మిషను తొక్కుడుపలక మీదే మడమ ఆనించి వెనక్కి వంచి పెట్టారు. నేను నేల మీద కూర్చుని కట్టు విప్పాను. పోయిన నెల ఈ పుండును చూశాను. అప్పుడు చుట్టూ ఎర్రగా ఉబ్బి ఉంది, దగ్గరికి చెయ్యి పోనిస్తే ఆయన పళ్ళు బిగించారు. ఇప్పుడు బొటనవేలి కింద కోటు గుండీ అంత పుండు, అంచులు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఎరుపు లేదు, వాపు లేదు. ఏ డాక్టరైనా ఫొటో తీసి గోడకి పెట్టుకునేలా ఉంది.

అరచేయి ఆనించాను. పిన్ని ట్రేకి ఆనించినట్టే, కాసేపు ఆగాను. పాదం చల్లగా ఉంది.

"అంత జాగ్రత్తగా పట్టుకోకమ్మా. అసలు నొప్పే లేదంటున్నానా" అన్నారు బాబాయ్. "నమ్మకపోతే చూడు." కాలర్ నుంచి ఒక గుండుసూది తీసి, పుండుకి పక్కనే, అంగుళం దూరంలో, గుడ్డకి గుచ్చినంత తేలిగ్గా గుచ్చారు. వదిలేసి రెండు చేతులూ గాల్లోకి ఎత్తి చూపించారు. "చూశావా. ఏమీ లేదు."

సూది నిలబడి ఉంది. పాదం కదల్లేదు, వేళ్ళు ముడుచుకోలేదు. సూది చుట్టూ రక్తం చుక్క కూడా రాలేదు. షుగర్ ముదిరి స్పర్శ పోయిందో, నా మందు చేసిందో, లోపల ఇంకేదో జరుగుతోందో నాకు తెలియదు. తెలియదు కాబట్టి, తెలిసినట్టు చెప్పకూడదని ఇవాళైనా నాకు తెలిసింది.

పిన్ని ఆ సూదినే చూస్తోంది. ఆరేళ్ళుగా రోజూ సూదితో పురుగుల్ని గుచ్చే మనిషికి నేను వివరించాల్సింది ఏమీ లేదు.

"పురుగైనా ముడుచుకుంటుంది" అంది, నాకు మాత్రమే వినబడేలా.

"ఏంటి గొణుగుతోంది మీ పిన్ని?" అన్నారు ఆయన.

"నేను చేసిన తప్పు ఆయనకి ముందే చెప్పాను" అంది పిన్ని నాతోనే. "నీది నువ్వు చెప్పు. నా నోటితో చెప్పించకు."

బాబాయ్ మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. నా తెల్లకోటు చేతిమడతకి దారం పోగు ఒకటి వేలాడుతుంటే, వంగి దాన్ని కత్తెరతో తుంచేశారు. ఆయన కుట్టిన కోటే.

"ఏంటమ్మా అంత సీరియస్సు? జోలపాటకి నిద్రపోయారు కదా మీ కాపలావాళ్ళు" అన్నారు. "బతికే ఉన్నారా?"

అదే ప్రశ్న. ఆరు నెలల కిందట టీ కప్పు కింద పెట్టి డాక్టరుగారు అడిగింది ఇదే. అప్పుడు జవాబు చెప్పడానికి నాకు ఒక్క క్షణం సరిపోయింది.

"లేరు బాబాయ్" అన్నాను. "లేరని మంగళవారం నుంచీ నాకు తెలుసు."

నవ్వు అప్పుడు పోయింది. ఆయన పాదం తొక్కుడుపలక మీది నుంచి తీయబోయారు. తీయాలని చూస్తున్నారు, నాకు కనబడుతోంది. ఇందాకటిదాకా మిషను తొక్కిన పాదం మాత్రం లేవలేదు.